కంబన్న దెబ్బ

"మద్రాసు నుంచి నీకేదో పలక వచ్చిందప్పా ఓబులేసూ" అన్నాడు బేతంచెర్ల స్టేషనులో పార్సిలు గుమాస్తా.

ఇంకో రోజైతే ఓబులేసు ఆ గుమాస్తాతో పెట్టుకునేవాడే. ఆ శుక్రవారం మాత్రం పలకన్నా, పెంకన్నా ఆయనకు చెల్లిపోయింది. పుస్తకంలో సంతకం పెట్టి, గోనెగుడ్డ చుట్టిన అట్టపెట్టెను రెండు చేతులా ఎత్తుకుని గుండెకు ఆనించుకున్నాడు. స్టేషను బయట బండలెక్కించుకుంటున్న లారీ దగ్గరికి రాగానే ఆగి, లారీ కదిలి, దుమ్ము అణిగేదాకా గోడవారగా నిలబడ్డాడు. చంటిబిడ్డను తెచ్చుకునేవాడు కూడా అంత జాగ్రత్తగా నడవడు. ఊరు ఊరంతా బండలే. గోడలు బండలు, కప్పులు బండలు, కూర్చునే అరుగులు బండలు. కాలు జారితే మెత్తని చోటంటూ ఒక్కటీ లేదు.

ఇంట్లో తిరుపతమ్మ జొన్నలు చెరుగుతోంది. మొగుణ్ణి, పెట్టెను చూసి చాట కింద పెట్టేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు చేతులు తుడుచుకో ముందు."

గడ్డి తీశారు, అట్ట తీశారు, పల్చటి కాగితం తీశారు. నల్లటి గ్రామఫోను ప్లేటు బయటపడింది. నడుమ ఎర్ర చీటీ. ఆ చీటీ మీద అక్షరాలు ఓబులేసు పైకి చదవలేదు. తిరుపతమ్మ చేతికిచ్చి నువ్వు చదువు అన్నాడు. ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది.

"గని పాట. రెండు భాగాలు. పాడినవారు ఓబులేసు, బేతంచెర్ల." ఆమె చీటీ అంతా వెతికింది. "మండలి పేరు ల్యానే ల్యా?"

"ల్యా."

"దేవేంద్రప్ప పేరు?"

"ల్యా అంటినే!"

తిరుపతమ్మ మళ్ళీ మొదటి నుంచి చదివింది. చదివినప్పుడల్లా మొగుడి మొహం ఎట్లా ఉంటుందో చూసుకుంది. పోయిన ఏడు హంద్రీ నాటక మండలి వాళ్ళ ప్లేట్లు మూడు వచ్చాయి. మూడింట్లోనూ గొంతు ఈయనదే, చీటీ మీద పేరు మాత్రం రాజు వేషం కట్టే దేవేంద్రప్పది. కర్నూలులో ఎవరో ఆఫీసరు భార్య ఆ ప్లేటు విని దేవేంద్రప్పకు శాలువా కప్పిందని పేపర్లో వేస్తే, ఆ పేపరు ముక్కలోనే తిరుపతమ్మకు శెట్టి బెల్లం పొట్లం కట్టిచ్చాడు. ఆ బెల్లం ఆమె తినలేదు.

అప్పుడే కంబన్న మధ్యాహ్నం కూటికి బండల గని నుంచి వచ్చాడు. తిరుపతమ్మకు తండ్రి, ఓబులేసుకు మేనమామ. కనుబొమల మీద తెల్లటి రాతిపొడి, భుజాన తుండుగుడ్డ, నడుముకు చిన్న సుత్తి. నలభై ఏండ్లుగా ఆ సుత్తిని పనికి, స్నానానికి తప్ప నడుము నుంచి తీసింది లేదు.

"ఇదేనా అల్లుడా? ఎంత నునుపుండాదిరా! మన పాలిషు బండలు దీని ముందర యాడికి?"

"సూడు మామా, సూడు" అని ఓబులేసు మురిసిపోతూ ప్లేటు ఆయన చేతిలో పెట్టాడు.

కంబన్న చదువురాని బొటనవేలితో చీటీ మీద అక్షరాలు నిమిరాడు. అంచు తడిమాడు. వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, నలభై ఏండ్లుగా కొత్త బండ చేతికొచ్చిన ప్రతిసారీ ఏం చేశాడో అదే చేశాడు. నడిమి బెజ్జంలో వేలు దూర్చి ప్లేటును వేలాడదీసి, చెవి దగ్గర పెట్టుకుని, సుత్తి కాడతో ఒక దెబ్బ వేశాడు.

ఖణేలుమంది.

కంబన్న మెచ్చుకోలుగా తలాడించి రెండో దెబ్బ వేశాడు. ఈసారి మొద్దుగా పలికింది. ఆయన మొహం చిట్లించాడు.

"దీంట్లో పగులుండాదిరా ఓబులేసూ. మోసం చేసినారు నిన్ను. వాపసు పంపీ."

ఓబులేసు ప్లేటు లాక్కుని చూశాడు. అంచు నుంచి ఎర్ర చీటీ దాకా వెంట్రుకంత గీత. తిప్పి చూశాడు. అటువైపు కూడా అదే గీత.

"మామా! నువ్వు కొట్టి పగలగొట్టి, మోసమంటావా? ఇది బండనా? బండ అనుకుంటివా ఇది? లక్క మామా, లక్క! నీ చేతిలో పెట్టిన నన్ను చెప్పుతో కొట్టాల!"

"నేను... బాగుండాదా ల్యాదా అని..."

"బాగుండాదా ల్యాదా అని పాడిచ్చి చూస్తారు మామా, కొట్టి చూస్తారా? మనిషి బాగుండాడా ల్యాడా అని గూడ నెత్తిన కొట్టి చూస్తావా?"

తిరుపతమ్మకు నవ్వు వచ్చింది గానీ అది నవ్వే సమయం కాదు. కంబన్న రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. ముద్ద ముట్టకుండానే గనికి వెళ్ళిపోయాడు.

"మా నాయన పస్తు పాయ" అంది తిరుపతమ్మ.

"పోనీ! నా బతుకు గూడ పాయ. ఎల్లుండి మండలి నుంచి ఈరప్ప వస్తాడు. ఏం ఏసి వినిపియ్యాల?"

పందెం సంగతి ఊర్లో తిరుపతమ్మ ఒక్కదానికే తెలుసు. కడప మకాములో, మండలి అందరి ముందరా, దేవేంద్రప్ప కిరీటం తుడుచుకుంటూ "నా తెర ల్యాకుంటే నీ గొంతు ఎవడు వింటాడప్పా?" అన్నాడట. దేవేంద్రప్ప గొంతు పోయి పదేండ్లయింది. ఆయన దీపాల ముందు నోరు తెరిస్తే, తెర వెనక నిలబడి ఓబులేసు పాడేవాడు. జనం వన్స్‌మోర్ అని అరిస్తే దేవేంద్రప్ప వంగి దండం పెట్టేవాడు, ఓబులేసు మళ్ళీ పాడేవాడు. ఆ పూట మాత్రం ఓబులేసుకు తిక్క రేగింది. నా పేరు మీద వచ్చే ప్లేటు నా ఊర్లో ఏస్తా, మీ మనిషిని పంపు, వినిన వాళ్ళలో ఒక్కరన్నా వాళ్ళంతట వాళ్ళు వన్స్‌మోర్ అనకుంటే తిరిగొచ్చి నీ తెర వెనకే నిలబడతా, చచ్చేదాకా పేరు అడగను అని వచ్చేశాడు.

"నేను నలుగురికి చెప్తా. అరవమని" అంది తిరుపతమ్మ.

"చెప్పినావంటే నా మీద ఒట్టే. అడుక్కుని అరిపించుకునేదానికి మండలిలోనే ఉండొచ్చు గదా."

శనివారం పొద్దున్నే ఓబులేసు కర్నూలు ఖాదర్ సాబుకు తంతి కొట్టాడు. ప్లేట్ల కొట్టు ఆయనది. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆఫీసుల వాళ్ళకు ప్లేట్లమ్ముతూ తీరిక లేకుండా ఉన్నాడు. కొట్టుకు మంచి ప్లేటు వచ్చి ఉంటే ఈరప్ప చేతికిచ్చి పంపమని తంతి. వచ్చి ఉంటుందో లేదో దేవుడికి తెలియాలి.

అక్కడి నుంచి నేరుగా హంపమ్మ హోటలుకు పోయాడు. స్టేషను ఎదురుగా హంపమ్మ కాఫీ, బోండాల హోటలు. ఊరికంతటికీ గ్రామఫోను ఉన్నది అక్కడే. ఆమె అప్పుడు రోట్లో పచ్చడి రుబ్బుతోంది. హోటల్లో ఈగలు తప్ప ఎవరూ లేరు.

"కీ ఇయ్యి హంపక్కా. ఒకపాలి చూస్తా" అన్నాడు.

ముల్లు ప్లేటు మీద పెట్టాడు. తన గొంతు బయటికి వచ్చింది. దాని వెంటే టక్. ప్లేటు ఒక చుట్టు తిరిగేసరికి మళ్ళీ టక్. మళ్ళీ టక్. ఓబులేసు పది లెక్కపెట్టేలోపల ముల్లు ఎత్తేశాడు.

"అదేం సప్పుడప్పా?" అంది హంపమ్మ రుబ్బడం ఆపకుండానే.

"మా మామ సప్పుడు."

ఆమె పకపకా నవ్వింది. ఊరంతటికీ ఆ సంగతి నిన్ననే తెలిసిపోయింది. ఓబులేసుకు మొదట ఒళ్ళు మండినా, ఆమె ఆపకుండా నవ్వుతుంటే ఆయనకూ పెదవి వంకర తిరిగింది.

"మద్రాసుకు నేను రెండు బండలు, ఒక సుత్తి గోనెసంచిలో ఏసుకుని పోయినానక్కా. ఈ పాట పుట్టింది గనిలో గదా, సుత్తి దెబ్బ మీద పాడాలని. పాట పెద్దది, సగంలో కొయ్యను, ప్లేటుకు రెండుపక్కలా ఒకటే పాట అంటే సరే అన్నారు. బండలు చూపిస్తే మాత్రం ఇంత ఎత్తు లేచినారు. ఇది స్టూడియోనా, సమాధులు కట్టే చోటా అని. గేటు కాడ పెట్టించినారు. నేను లోపల పాడినంతసేపు కావలివాడు నా బండ మీద కూర్చోని బీడీ తాగినాడు."

"మరి లోపల ఏం వాయించినారు?"

"తబలా, ఫిడేలు. మంచోళ్ళే పాపం. శానా బాగ వాయించినారు" అన్నాడు ఓబులేసు ఉత్సాహం లేకుండా.

ఇంటికి వచ్చేసరికి తిరుపతమ్మ సద్ది క్యారియరు చేతిలో పెట్టింది. "మా నాయనకు ఇచ్చిరా. నువ్వు నాకు మొగుడివి, ఆయప్ప నాకు నాయన. నేను ఎవురి పక్కా మాట్లాడను. క్యారియరు మాత్రం నువ్వే తీసుకపో" అంది. పక్క తీసుకోవడం అంటే ఇంకేమిటో ఓబులేసుకు అర్థం కాలేదు.

గనిలో ఎండ తెల్లగా కొడుతోంది. ఇద్దరు మనుషులు ఒకే ఉలి మీద వంతులవారీగా సుత్తులు వేస్తున్నారు, ఒకడు ఎత్తితే ఒకడు దించుతూ. రాయి పొరపొరగా విడుతోంది. విడిన పొరను గడ్డపారతో మెల్లగా లేపి, నలుగురు పట్టి కంబన్న ముందు నిలబెడుతున్నారు. పగులుందో లేదో చెప్పేది ఆయనే. ఆయన చెవి దాటకుండా ఒక్క బండా లారీ ఎక్కదు.

కంబన్న బండ ముందు నిలబడ్డాడు. చెయ్యి నడుము దగ్గరికి, సుత్తి దాకా పోయింది. అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది. "బాగుండాది, తీసుకపోండి" అన్నాడు కొట్టకుండానే. తర్వాతి బండకూ అంతే. మూడోదాన్ని మేస్త్రి శేషన్న ఆపి, తనే సుత్తితో తట్టి చూశాడు.

"ఏమప్పా కంబన్నా! ఇది ఓటికుండ మాదిరి పలుకుతాంటే బాగుండాదంటావే? నీ చెవుకేమొచ్చింది?"

"చెవు బాగానే ఉండాదిలేప్పా. చేతికే..." అని కంబన్న ఆ చేతిని తుండుగుడ్డతో తుడుచుకున్నాడు.

నిన్న అన్న మాటలన్నీ ఓబులేసుకు ఒక్కసారిగా తన చెవుల్లోనే మోగాయి. పోయి మామ చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. కానీ కోపంలో వచ్చినంత వేగంగా మంచి మాట రాలేదు. క్యారియరు బండ నీడలో పెట్టి, "కూడు తిను మామా" అని మాత్రం అని వచ్చేశాడు.

ఆదివారం పొద్దున పది గంటల బండికి ఈరప్ప దిగాడు. మండలి హార్మోనియం మనిషి. పదేండ్లు ఓబులేసు గొంతుకు ఆయన వేళ్ళే తోడు. దిగీ దిగగానే సంచి కింద పెట్టి ఓబులేసును కావలించుకున్నాడు.

"చిక్కిపోయినావు గదప్పా! మండలి కూడు ల్యాక."

"మండలి కూడు తినినప్పుడే గదా ఇట్లయింది. ఖాదర్ సాబు ఏమన్నా ఇచ్చినాడా?"

ఈరప్ప సంచిలోంచి పంచె తీశాడు, పంచెలోంచి ఇంకో పంచె తీశాడు, దాంట్లోంచి ప్లేటు తీశాడు. "ద్రోణాచలంలో బండి మారేటప్పుడు గూడ దీన్ని కింద పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకునే వచ్చినా."

ఓబులేసు అంచంతా తడిమాడు. గీత లేదు. ఆయనకు ఆకాశం ఒక మెట్టు కిందికి దిగినట్టయింది. మామ మీద మిగిలిన కోపం కూడా అక్కడికక్కడే పోయింది.

ఆదివారం గనికి సెలవు. హంపమ్మ హోటలు నిండిపోయింది. బండ అరుగుల మీద, గడప మీద, కిటికీలో కూడా జనమే. ఆడవాళ్ళు పొయ్యి పక్కన కూర్చున్నారు. కంబన్న లోపలికి రాలేదు. బయట మెట్టు మీద, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఈరప్ప ఒక మూల బెంచీ మీద సాక్షిలా కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు. పందెం గురించి తిరుపతమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.

హంపమ్మ కీ ఇచ్చింది. ఓబులేసు మంచి ప్లేటు పెట్టాడు.

"పొర విప్పరా రాయి పొర విప్పరా,
పొద్దు నెత్తికి రాకముందె పొర విప్పరా..."

గొంతు స్వచ్ఛంగా వచ్చింది. కింద తబలా మెత్తగా, ఫిడేలు తీయగా. జనం కదలకుండా విన్నారు. సగంలో ప్లేటు ఆగగానే ఒకాయన లేవబోయాడు.

"అయిపాయనా?"

"ఇంగా సగముండాదప్పా. కూర్చో" అని ఓబులేసు ప్లేటు తిరగేశాడు.

రెండో భాగం కూడా అయిపోయింది. ముల్లు చివరి గీతలో గిరగిరా తిరిగింది. ఓబులేసు దాన్ని ఎత్తకుండా ఎదురుచూశాడు. పదేండ్లుగా తెర వెనక నిలబడి విన్న ఆ కేక ఎంతసేపట్లో వస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఆ సేపు దాటిపోయింది.

"బాగుండాదప్పా" అన్నాడు శేషన్న మర్యాదగా.

"అచ్చం మద్రాసు పాటే" అన్నారు ఇంకెవరో.

"పెద్దోడివైపోయినావు ఓబులేసూ" అంది పొయ్యి దగ్గర నుంచి ఒక ముసలామె.

అంతా మంచి మాటలే. ఒక్కటీ కావలసిన మాట కాదు. జనం తుండుగుడ్డలు దులుపుకుని లేవడం మొదలుపెట్టారు. తిరుపతమ్మ కొంగు నోట్లోంచి తీయబోతే ఓబులేసు గుడ్లురిమాడు. ఈరప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన మొహంలోనూ గెలిచిన కళ లేదు.

"నీ గొంతుకు ఏ లోపం ల్యాదప్పా. ఏమో మరి. సాయంత్రం బండికి పోదామా?"

"పోదాంలే" అన్నాడు ఓబులేసు. ఆ మాట అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ కనపడకుండా గ్రామఫోను మీదికి వంగాడు.

"అల్లుడా" అని బయట నుంచి కంబన్న గొంతు వచ్చింది. మెట్టు మీద నుంచి లేచి గడప దాకా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. "నేను కొట్టిన ప్లేటు ఒకపాలి ఎయ్యి నాయనా. అది పాడతాదో, పూరా సచ్చిపోయిందో తెలుసుకోవాల. రెండు రోజులాయ, నాకు ముద్ద దిగల్యా."

ఇక పోయేది ఏముంది? పందెం ఓడిపోయాడు. పోయేముందు మామ మనసన్నా కుదుటపరుద్దామని ఓబులేసు పగిలిన ప్లేటు తీసి పెట్టాడు.

"పొర విప్పరా..." టక్. "రాయి పొర విప్పరా..." టక్.

బయటికి పోతున్న శేషన్న గడపలోనే ఆగిపోయాడు.

టక్. టక్. తబలా కిందికి పోయింది. ఫిడేలును ఎవరూ పట్టించుకోలేదు. ప్లేటు తిరిగిన ప్రతి చుట్టుకూ ఆ దెబ్బ పడుతూనే ఉంది. శేషన్న చెయ్యి తనకు తెలియకుండానే తలుపు చట్రం మీద పడింది. దెబ్బకూ దెబ్బకూ నడుమ, రెండో సుత్తి పడవలసిన చోట పడింది. అరుగు మీద ఇంకొకడు మోకాలి మీద కొట్టాడు. లేచినవాళ్ళు లేచిన చోటే కూర్చున్నారు.

నాలుగు చరణాలు పోయేసరికి ప్లేటు దెబ్బ పాట కంటే కొంచెం వెనకబడింది.

"వెనకబడినాడబ్బా కంబన్న!" అని ఎవరో అరిచారు. హోటలంతా నవ్వింది.

"గనిలో గూడ అంతే గదా! నిదానంగా వస్తాడు, దెబ్బ మాత్రం తప్పడు!"

"పట్టుకో, పట్టుకో, ఒదలొద్దు!"

నవ్వుతూనే అందరూ చప్పట్లతో వెనకబడిన దెబ్బను పాటలోకి లాక్కొచ్చారు. అది మళ్ళీ జారింది, మళ్ళీ లాగారు. ఆడవాళ్ళు అందుకున్నారు. హంపమ్మ బోండాల జల్లిగంటెతో బాణలి అంచు మీద కొడుతోంది. ఓబులేసు ప్లేటు తిరగేసినప్పుడు కూడా వాళ్ళ చేతులు ఆగలేదు. ముల్లు మళ్ళీ పాటలో పడేదాకా దెబ్బ వాళ్ళే నిలబెట్టారు.

ఓబులేసు మద్రాసు గేటు దగ్గర వదిలేసి వచ్చిన సుత్తి ఇదిగో, తనకంటే ముందే ఇంటికొచ్చి కూర్చుంది. తను పాడింది ఈ పాటే. ఇప్పుడే మొదటిసారి వింటున్నాడు.

పాట ముగిసింది. ముల్లు గిరగిరా తిరిగింది, టక్, టక్.

"వన్స్‌మోర్!"

కేక మూల బెంచీ నుంచి వచ్చింది. అరిచింది ఈరప్ప. అరిచి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ వెంటనే హోటలంతా వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని లేచింది. హంపమ్మ కీ ఇచ్చే హడావిడిలో కాఫీ లోటా తన్నేసింది. తిరుపతమ్మ కొంగు నోట్లోంచి పీకేసి, అందరికంటే గట్టిగా అరిచింది.

"ఈరప్పా!" అన్నాడు ఓబులేసు.

"మండలి మనిషిగా అనల్యాదప్పా నేను. నోరే అనింది, నేనేం చేసేది?" ఈరప్పకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. "సాయంత్రం బండికి నేనొక్కణ్ణే పోతాలే. ఆ ప్లేటు నాకియ్యి. దేవేంద్రప్పకు వినిపిస్తా. ల్యాకుంటే నమ్మడు."

హంపమ్మ గ్రామఫోనుకు అడ్డం నిలబడి జల్లిగంటె ఎత్తింది. "ఈ ప్లేటు గడప దాటిందంటే సూడు! ఇది హోటలుది. కావాలంటే ఆ మద్రాసుది తీసుకపో."

మంచి ప్లేటు బల్ల మీద నున్నగా, నల్లగా పడుంది. దాని వంక ఎవరూ చూడడం లేదు. ఓబులేసు దాన్ని తీసుకుని, జనాన్ని తప్పించుకుంటూ గడప దగ్గరికి వెళ్ళాడు. కంబన్న తుండుగుడ్డతో కళ్ళొత్తుకుంటున్నాడు. ప్లేటు దగ్గరికి రావడం చూసి గబుక్కున చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

"లోపలికి రా మామా" అన్నాడు ఓబులేసు. ఆయన కుడిచెయ్యి ముందుకు లాగి ప్లేటు పెట్టాడు. "ఇది దేవేంద్రప్పకు పోవాల. కొట్టు. మొన్న కొట్టినంతే, గట్టిగొద్దు."

"పగులుతాదేమోరా నాయనా!"

"పగలాల్నే మామా."

కంబన్న నడుము నుంచి సుత్తి తీశాడు. నడిమి బెజ్జంలో వేలు దూర్చి, ప్లేటును వేలాడదీసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. హోటలంతా నవ్వులు ఆపి ఆయన చుట్టూ చేరింది. "మొదటిది బాగుండాదా ల్యాదా అని. రెండోది నీ కోసం" అని, సుత్తి కాడతో మెల్లగా రెండు దెబ్బలు వేశాడు.